రంగు వెనుకనున్న నియమము

కొలిమిలో కాలుచున్న ఇనుము వేడి ఎంతయో అనుభవజ్ఞుడైన కమ్మరి దాని రంగునుబట్టియే చెప్పగలడు. ఇంచుమించుగా 650 డిగ్రీల వేడిలో ఇనుము ముదురెరుపుగా నుండును. 800 డిగ్రీలు సమీపించునప్పటికి కాంతిగల ఎరుపు తేలును. 950 దాటినపిమ్మట నారింజవన్నె, 1,100 దాటినపిమ్మట పసుపువన్నె, 1,300 దాటినచో తెలుపు. విశాఖ ఉక్కు కర్మాగారమందలి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను మూడు బ్లాస్టు ఫర్నేసులనుండి కాలువలలోనికి పారు ద్రవపుటినుము 1,500 డిగ్రీలకు దరిదాపుగా నుండి చూడలేనంతగా వెలుగుచుండును. ఇక్కడ వేడికిని రంగునకును గల సంబంధమును ప్రకృతియే ఏర్పరచినది. ఏ అధికారియు దానిని మార్చలేడు. ఏ గుమాస్తాయు దానిని తప్పుగ వ్రాయలేడు.

నేడు రేవులోను, కర్మాగారములోను, బ్యాంకులోను, పాఠశాలలోను, తుదకు మన యిండ్లలోను గూడ మరియొక విధమైన రంగులు కనబడుచున్నవి. కంప్యూటరు తెరపైనున్న పట్టికలో ఒక గడి ఎర్రబడును, వేరొకటి పచ్చబడును. చూచినవారు ఎరుపునకు ఉలికిపడుదురు, పచ్చనకు నిశ్చింత పొందుదురు. అయితే ఈ రంగును ప్రకృతి ఇచ్చుటలేదు. ఎవరో ఒకరు ఒక షరతు వ్రాసి, అది నెరవేరినప్పుడు ఈ రంగు వేయుమని యంత్రమునకు చెప్పియున్నారు. ఆ షరతు ఎట్లు వ్రాయుదురో, అందెక్కడ పొరపాటు దూరునో, దానివలన కలుగు ప్రమాదమేమో ఈ ప్రసంగములో విచారింతము.

పట్టిక మనకు క్రొత్తది కాదు. అడ్డగీతలు, నిలువుగీతలు గీసి, గళ్లలో అంకెలు నింపుట కరణముల కాలమునుండియు ఉన్నదే. కష్టమెల్ల దిద్దుటలో నుండెడిది. ఒక అంకె మారినచో దానిపై ఆధారపడిన మొత్తములన్నియు తుడిచి మరల వ్రాయవలసి వచ్చెడిది. అమెరికాలో హార్వర్డు విద్యాలయమున చదువుకొనుచున్న డాన్ బ్రిక్లిన్ అను యువకునకు తరగతిలో నల్లబల్లపై వ్రాసిన పట్టికలను చూచినప్పుడు ఒక ఆలోచన తోచినది. ఒక గడిలో అంకె మార్చినంతనే తక్కిన గళ్లు తమంత తామే సవరించుకొను నల్లబల్ల ఉన్నచో ఎంత బాగుండునని ఆయన తలచెను. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను మిత్రుని సహాయముతో 1979లో విజికాల్క్ అను పేర అట్టి పట్టికను కంప్యూటరుపై సిద్ధపరచెను. మైక్రోసాఫ్టువారి ఎక్సెల్ 1985లో వచ్చినది. షరతునుబట్టి గడికి రంగు వేయు సదుపాయము ఎక్సెల్ 97 అను కూర్పులో చేరినది. తొలుత ఒక గడికి మూడు షరతులకే చోటుండెను. 2007 కూర్పునుండి ఆ కట్టుబాటు తొలగినది. గూగుల్ షీట్స్, లిబ్రాఫీసు వంటి ఇతర పట్టికలలోను ఈ సదుపాయము కలదు. దీనినే కండిషనల్ ఫార్మాటింగ్ అందురు.

రంగునకు అర్థము ఒడంబడికవలన కలుగునని చెప్పుటకు మన రేవే చక్కని నిదర్శనము. 1933లో ప్రారంభమైన విశాఖపట్టణపు రేవులోనికి ఓడ ప్రవేశించునపుడు డాల్ఫిన్ నోస్ కొండ దాని ఎడమచేతివైపున నుండును. దారిని సూచించు బోయాలలో ఎడమవైపువి ఎరుపు, కుడివైపువి ఆకుపచ్చ. ఇది భారతదేశము పాటించు పద్ధతి. అదే ఓడ అమెరికా రేవునకు పోయినచో ఎరుపు కుడివైపునను, ఆకుపచ్చ ఎడమవైపునను ఉండును. ప్రపంచమంతయు రెండు మండలములుగా విడిపోయి ఈ రెండు పద్ధతులను పాటించుచున్నది. రెండింటిలో ఏదియు తప్పుకాదు. కాని తానే మండలములో నున్నాడో తెలియని నావికుడు ఓడను ఒడ్డునకెక్కించును. కావున రంగులు వేసిన ప్రతి పట్టికకును పైభాగమున ఏ రంగునకేమి అర్థమో రెండు పంక్తులలో వ్రాసి యుంచుట మొదటి ధర్మము.

ఇక షరతు వ్రాయు విధమును చూతము. రేవులో పనిచేయు ఒక చిన్న ఏజెంటు కార్యాలయమును ఊహించుకొందము. ఓడనుండి దిగిన కంటెయినరును యార్డులో కొన్ని దినములు రుసుము లేకుండ ఉంచనిత్తురు. ఆ గడువు దాటినచో దినమునకింతయని సొమ్ము పడును. దీనినే మనవారు డెమరేజి అందురు. పట్టికలో ఏ అను నిలువువరుసలో కంటెయినరు సంఖ్య, బి వరుసలో దిగిన తేదీ, సి వరుసలో ఉచితముగ నిచ్చిన దినములు, డి వరుసలో బయటికి పోయిన తేదీ వ్రాయుదురు. మొదటి అడ్డువరుసలో శీర్షికలుండును. రెండవ అడ్డువరుసనుండి వివరములు మొదలగును.

గడువు దాటిన కంటెయినరు వరుస ఎర్రబడవలెనన్నచో రెండు సంగతులు నిజము కావలెను. ఒకటి, డి గడి ఖాళీగా నుండవలెను. అనగా సరుకింకను యార్డులోనే ఉన్నదని అర్థము. రెండు, దిగిన తేదీకి ఉచితదినములు కలుపగా వచ్చిన తేదీని నేటి తేదీ మించియుండవలెను. పట్టికలో తేదీ గూడ లోపల ఒక అంకెయే కావున దానికి దినములు కలుపుట తీసివేయుట సులభము. నేటి తేదీని తెచ్చియిచ్చుటకు టుడే అను సూత్రము, రెండు షరతులను జోడించుటకు యాండ్ అను సూత్రము కలవు. రెండవ అడ్డువరుసనుండి వివరములున్నంతమేర ఎన్నుకొని, హోమ్ అను పట్టీలో కండిషనల్ ఫార్మాటింగును, అందులో న్యూ రూల్ అను దానిని నొక్కినచో నియమముల జాబితా వచ్చును. ఆ జాబితాలో చిట్టచివరిది సూత్రముతో షరతు వ్రాయు మార్గము. అక్కడ మన సూత్రము వ్రాసి, ఎరుపు రంగు ఎన్నుకొన్నచో పని ముగియును. 3వ తేదీన దిగి 5 దినములు ఉచితము పొందిన కంటెయినరు 8వ తేదీవరకు ఊరకుండి, 9వ తేదీ ఉదయమున పట్టిక తెరచునప్పటికి ఎర్రబడియుండును. ఎవరును లెక్కింపనక్కరలేదు, ఎవరును మరచిపోవుటకు వీలులేదు.

క్రొత్తవారు తరచుగ తడబడునది డాలరు గుర్తువద్ద. మనము వ్రాసిన సూత్రము ఎన్నుకొన్న గళ్లలో మొట్టమొదటి దానికి వర్తించును. తక్కిన గళ్లకు యంత్రము దానిని జరుపుకొనుచు పోవును. ఒక అడ్డువరుస క్రిందికి దిగినపుడు బి రెండు, బి మూడుగా మారుట మనకు కావలసినదే. కాని ఒక గడి కుడికి జరిగినపుడు బి కాస్త సి అయిపోయినచో యంత్రము తేదీని చూడుటకు మారుగా ఉచితదినములను చూచును, రంగులు చెల్లాచెదరగును. నిలువువరుస అక్షరమునకు ముందు డాలరు గుర్తు ఉంచుట దానిని మేకుకొట్టి నిలిపినట్లు. అక్షరమునకు ముందు గుర్తుంచి, అంకెకు ముందు ఉంచకున్నచో అడ్డువరుస అంతయు ఒక్క రంగుగా వచ్చును.

రెండవ తడబాటు నియమముల వరుసలో గలదు. గడువునకు రెండు దినములు ముందుగనే పసుపురంగుతో హెచ్చరింపవలెనని మరియొక నియమము వ్రాసితిమనుకొందము. పై కంటెయినరు 7వ తేదీనుండి పసుపుగా నుండును. అయితే 10వ తేదీన పసుపు షరతును నిజమే, ఎరుపు షరతును నిజమే. ఇట్లు రెండును పోటీపడినపుడు జాబితాలో పైనున్న నియమమునకే యంత్రము పట్టము కట్టును. పసుపు పైనున్నచో గడువు దాటి పది దినములైనను ఆ వరుస పసుపుగనే ఉండి, ఇంకను వ్యవధి ఉన్నదని చూచువారిని జోకొట్టును. కావున ఎక్కువ ప్రమాదమును తెలుపు నియమమును పైన నుంచవలెను.

ఇంతవరకు చెప్పినవి చేతిపనికి సంబంధించిన మెలకువలు. ఇప్పుడు అన్నిటికంటె గట్టిగ చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము. అది ఖాళీ గడి సంగతి.

సూత్రములో పోల్చునపుడు యంత్రము ఖాళీ గడిని సున్నగా గ్రహించును. ట్యాంకుల ఉష్ణోగ్రతల పట్టిక ఒకటి వ్రాసి, 35 డిగ్రీలకు తక్కువైనచో ఆకుపచ్చ అని సూత్రముంచితిమనుకొనుడు. రాత్రి కాపలాపని చూచువాడు ఒక ట్యాంకును కొలువలేదు. ఆ గడి ఖాళీ. సున్న 35 కంటె తక్కువ. గడి పచ్చగా మెరయును. కొలువని ట్యాంకు పట్టికలో అన్నిటికంటె చల్లని ట్యాంకుగా లెక్కకు వచ్చును! అక్షరములు వ్రాసినచో దీనికి విపర్యయము. ఎక్సెల్ పోలికలో అక్షరములు ఏ అంకెకంటెనైనను పెద్దవి. ఆసుపత్రిలో ప్రాణవాయువు సిలిండర్లు 20కి తగ్గకున్నచో ఆకుపచ్చ అని నియమముండగా, గుమాస్తా ఆ గడిలో లెక్క అందలేదని వ్రాసెనేని, ఆ మాట ఇరువదికంటె పెద్దదై గడిని పచ్చబరచును. లెక్క అందకపోవుట నిండుగ నిల్వయున్నట్లు కనబడును.

దీనికి మందు మన రేవుల సంప్రదాయములోనే కలదు. తుపాను వచ్చునపుడు రేవులలో 1 మొదలు 11 వరకు అపాయసంకేతములు ఎగురవేయుట మనమందర మెరిగినదే. పగలు స్తంభముపై శంకువులు, డోళ్ల ఆకారములు వ్రేలాడదీయుదురు. రాత్రి ఎర్రని తెల్లని దీపములు వెలిగింతురు. ఒకటవ నంబరు దూరమున సముద్రముపై వాతావరణము చెడినదని చెప్పును. పదవది మహాప్రమాద సంకేతము. మరి పదకొండవది దానికంటెను పెద్ద తుపానునకా? కాదు. తుపాను హెచ్చరిక కేంద్రముతో సంబంధములు తెగిపోయినవనియు, స్థానికాధికారికి ప్రమాదశంక కలదనియు దాని అర్థము. వార్త రాకపోవుటయే ఒక వార్తయని, అదియు అన్నిటికంటె చివర నుంచదగినంత గంభీరమైన వార్తయని ఆ పద్ధతిని ఏర్పరచినవారు గ్రహించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినపుడు విద్యుత్తు, టెలిఫోను సంబంధములు తెగి నగరము మూగవోయిన సంగతి మనమింకను మరువలేదు. అట్టివేళ మౌనమును క్షేమమని తలచువారెవరు?

పట్టికలో గూడ ఒక పదకొండవ నంబరు ఉండవలెను. గడి ఖాళీగా నున్నచో, లేక అందు అంకె గాక మాట ఉన్నచో, బూడిదరంగు వేయుమని ఒక నియమము వ్రాసి దానిని జాబితాలో అన్నిటికంటె పైన నుంచవలెను. ఖాళీని గుర్తించుటకు ఈజ్‌బ్లాంక్ అను సూత్రము, అంకె అవునో కాదో తెలిసికొనుటకు ఈజ్‌నంబర్ అను సూత్రము కలవు. ఈ ఒక్క నియమము లేని పట్టికలోని పచ్చదనమును నమ్మరాదు.

అయితే గళ్లన్నియు నిండినను ఒక ప్రమాదము మిగిలియున్నది. అది కొలతను ఎచ్చట తీసికొంటిమను ప్రశ్న. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము శివారున వెంకటాపురమువద్దనున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రలోనున్న పల్లెలపై క్రమ్ముకొనెను. పన్నెండుగురు మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. లాక్‌డౌనువలన పని నిలిచియుండగా ట్యాంకులో నిల్వయున్న స్టైరీను తనలో తాను రసాయనచర్యకు లోనై వేడెక్కినది. ఆ సంవత్సరము జులైలో ప్రభుత్వమునకు నివేదిక సమర్పించిన ఉన్నతస్థాయి సంఘము అనేక లోపములను ఎత్తిచూపినది. అందొకటి మన ప్రసంగమునకు మిక్కిలి దగ్గరగా నున్నది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగముననే కొలుచుచుండిరి. నడుమను, పైనను ఎంత వేడి ఉన్నదో తెలిసికొను సాధనము లేకుండెను. చల్లని ద్రవము అడుగున నుండి, వేడి పైకి చేరును గదా! అడుగునుండి తెచ్చిన అంకెను ఏ పట్టికలో వ్రాసినను, ఎంత నిర్దుష్టమైన సూత్రముతో రంగువేసినను, ఆ గడి పైభాగపు సంగతి చెప్పజాలదు. ఖాళీ గడికైనను బూడిదరంగు వేయవచ్చును. గడియే లేనిచోట ఏ సూత్రము పనిచేయును? కావున పట్టిక తయారుచేయువాడు తెరముందు కూర్చుండుటకు ముందు ఒకమారు ట్యాంకువద్దకు నడచిపోయి, అంకె ఎక్కడనుండి వచ్చుచున్నదో కన్నులార చూచుట మంచిది.

రంగు ఎన్ని విధములుండవలెనను విషయములో వాతావరణశాఖవారి పద్ధతి ఆదర్శప్రాయమైనది. వారు నాలుగు రంగులతో సరిపెట్టుకొనిరి. ఆకుపచ్చయన్నచో చర్య అక్కరలేదు. పసుపన్నచో గమనించుచుండవలెను. నారింజయన్నచో సిద్ధముగ నుండవలెను. ఎరుపన్నచో చర్యకు పూనుకొనవలెను. ప్రతి రంగునకును ఒక పని ముడిపడియున్నది. మన కార్యాలయములలోనో, ఉత్సాహము కొలది పదిపన్నెండు రంగులు దిద్ది, పట్టికను కొండపల్లి బొమ్మవలె అలంకరించువారున్నారు. ఎర్రగళ్లు నూటికి డెబ్బదియైనపుడు ఎవరును వానిని చూడరు. ఈ గడి ఎర్రబడినచో రేపు ఉదయము ఎవరు ఏమి చేయవలెనని ప్రశ్నించుకొని, జవాబు దొరకనిచో ఆ రంగును తీసివేయుటయే మేలు.

చూచు కన్నును గూర్చియు రెండు మాటలు. ఎరుపును ఆకుపచ్చను వేరుపరచి చూడలేనివారు లోకములో కలరు. ఈ లోపము స్త్రీలలోకంటె పురుషులలో హెచ్చు. అందుచేతనే రైలు నడుపువారికిని ఓడ నడుపువారికిని రంగుచూపు పరీక్ష పెట్టుదురు. జపానుదేశపు వైద్యుడు ఇషిహారా 1917లో ప్రకటించిన చుక్కల పటములు అందుకు నేటికిని వాడుకలో నున్నవి. పట్టిక చూచువారికి ఆ పరీక్ష ఎవరును పెట్టరు. అదిగాక, జిరాక్సు తీసినచో ఎరుపును ఆకుపచ్చయు ఒకే బూడిదరంగు అగును. మరియొక చిక్కు గలదు. ఎర్రగళ్లెన్నియని లెక్కింపబోయినచో కౌంటిఫ్ వంటి సాధారణ సూత్రములు రంగును చదువజాలవు. ఈ మూడింటికిని ఒకటే విరుగుడు. ఇంకొక నిలువువరుస చేర్చి, ఇఫ్ అను సూత్రముతో అందు గడువు దాటినది, గడువు సమీపించినది, సరుకు వెడలినది అని మాటలలో తీర్పు వ్రాయించి, రంగును ఆ మాటనుబట్టి వేయవలెను. అప్పుడు రంగు కనబడనివారు మాటను చదువుకొందురు, యంత్రమును మాటను లెక్కించును.

ఇది పెద్ద కార్యాలయములకే గాని ఇండ్లకు పనికిరాదనుకొనరాదు. బీమా ప్రీమియము గడువు, గ్యాసు గొట్టము మార్చవలసిన తేదీ, పసిబిడ్డకు టీకాలు వేయించవలసిన దినములు, ముసలివారి మందుసీసాలపై చెల్లుబాటు తేదీలు, ఇవన్నియు తేదీకి దినములు కలిపిచూచు లెక్కలే. నాలుగు నిలువువరుసల పట్టికయు, మూడు నియమములును చాలును. తాతగారి చక్కెర పరీక్ష పట్టిక వ్రాయునపుడు మాత్రము హద్దు ఎంతయో వైద్యుని అడిగి వ్రాయవలెను. భోజనమునకు ముందు తీసిన కొలతకును తరువాత తీసిన కొలతకును హద్దు ఒకటి కాదు. రెండింటిని ఒకే వరుసలో కలిపివేసినచో రంగులు అబద్ధమాడును. ఇక్కడను అదే ప్రశ్న. కొలత ఎప్పుడు, ఎక్కడ తీసికొంటిమి?

యంత్రము అలసిపోదు, మరువదు, మొగమాటపడదు. వేయి వరుసలున్నను ఒక్క రెప్పపాటులో ఒకే నియమముతో తూచి రంగువేయును. అంతవరకు దానిని నమ్మవచ్చును. కాని హద్దు నిర్ణయించుట, కొలత రానిచోట కొలత రాలేదని చెప్పించుట, ఎరుపు కనబడినపుడు కుర్చీనుండి లేచుట, ఈ మూడును మనుష్యుల పనులు. పచ్చని గడిని చూచినపుడు ఈ పచ్చదనమునకు ఆధారమేమని ఒక్కమారు ప్రశ్నించు అలవాటు మన కార్యాలయములలోను, కర్మాగారములలోను, ఇండ్లలోను పాతుకొనవలెనని మా కోరిక.